మన ఎంపీ దేనికి ఓటేశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలొస్తే ఎంపీ ఆస్తులు, కేసులు, కిందటిసారి మెజారిటీ అన్నీ పేపర్లో వస్తాయి. అయిదేళ్లూ ఢిల్లీలో కూర్చుని ఏ బిల్లుకు సరే అన్నారు, దేన్ని కాదన్నారు అన్నది మాత్రం రాదు. తెలుసుకుందామని కూర్చుంటే మొదట్లోనే చిక్కొచ్చి పడుతుంది. ఎంపీ ఏం మాట్లాడారో దొరికినంత తేలిగ్గా ఎటు ఓటేశారో దొరకదు. ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, దొరికినదాన్ని ఎలా చదవాలి అని తరచూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రతి బిల్లుకూ మా ఎంపీ ఎటు ఓటేశారో రికార్డు ఉంటుందా?

ఉండదు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. అనుకూలంగా ఉన్నవాళ్లు "ఆయ్" అనమని, వ్యతిరేకులు "నో" అనమని స్పీకర్ అడుగుతారు. ఏ గొంతులు ఎక్కువ వినిపించాయో ఆయనే తేల్చి, బిల్లు నెగ్గిందనో వీగిందనో ప్రకటిస్తారు. అంతటితో ముగిసింది. ఎవరు ఏమన్నారో ఎక్కడా రాయరు.

తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే పాసైంది. తలుపులు మూసేశారు, టీవీ ప్రసారం ఆగిపోయింది. దానికి అయిదు రోజుల ముందు ఇదే బిల్లు సభలోకి వచ్చినప్పుడు అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ స్ప్రే అందరికీ గుర్తుంది. రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లుకు ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్న పేర్ల జాబితా మాత్రం లేదు. ఆరోజు నేను అనుకూలంగా ఓటేశానని ఒకరు, గట్టిగా వ్యతిరేకించానని ఇంకొకరు ఇప్పుడు చెబితే, వాళ్ల మాట నమ్మడమో మానడమో తప్ప మనం చేయగలిగింది లేదు.

మరి పేర్లు ఎప్పుడు నమోదవుతాయి?

డివిజన్ జరిగినప్పుడు. స్పీకర్ చెప్పిన ఫలితాన్ని ఎవరైనా సభ్యులు ఒప్పుకోకుండా "డివిజన్" అడిగితే లాబీలు ఖాళీ చేయిస్తారు, గంట మోగుతుంది, బయట ఉన్న ఎంపీలు పరుగున లోపలికొస్తారు. తర్వాత తలుపులు మూసి ఓటింగ్ పెడతారు. సీటు ముందున్న బటన్లలో ఆకుపచ్చ నొక్కితే అవును, ఎరుపు నొక్కితే కాదు, పసుపు నొక్కితే తటస్థం. మిషన్ తేడా చేసినా, సభ్యులు సరిగా నొక్కలేకపోయినా కాగితం స్లిప్పులు పంచుతారు.

అయితే అడిగిన ప్రతిసారీ పేర్లు వస్తాయన్న గ్యారంటీ లేదు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను ఉన్నచోటే నిలబెట్టి తలలు లెక్కపెట్టొచ్చు. అలాంటప్పుడు పేర్లు రాయరు. సభలో గొడవగా ఉంది, సభ్యులు సీట్లలో లేరు అన్న కారణంతో డివిజన్ జరక్కుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులకు జరిగింది అదే. ప్రతిపక్షం డివిజన్ కావాలని అరుస్తుండగానే డిప్యూటీ చైర్మన్ హరివంశ్ మూజువాణి ఓటుతో కానిచ్చేశారు. అంతకు ముందు లోక్‌సభలోనూ మూజువాణే. రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక, 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లు చర్చ లేకుండా నిమిషాల్లో పాసైంది, అదీ మూజువాణే. అంటే దేశాన్ని కుదిపేసిన మూడు చట్టాలు వచ్చాయి, పోయాయి. వాటిని తెచ్చిన ఓటుకు గానీ, తీసేసిన ఓటుకు గానీ మన 42 మంది లోక్‌సభ సభ్యుల పేర్లతో ఒక్క కాగితం లేదు. చర్చలో వైసీపీ, టీడీపీ బిల్లులను సమర్థించాయని, టీఆర్‌ఎస్ వ్యతిరేకించిందని చెప్పగలం. పార్టీ స్థాయి దాటి కిందికి వెళ్లలేం.

పేర్లు తప్పకుండా దొరికే బిల్లులు ఏవి?

రాజ్యాంగ సవరణ బిల్లులు. సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలని 368వ అధికరణం చెబుతుంది. గొంతులు విని అంత లెక్క తేల్చలేరు కాబట్టి డివిజన్ పెట్టక తప్పదు. అందుకే మీ ఎంపీ రికార్డు వెతకడం వీటితో మొదలుపెట్టండి. 2016లో జీఎస్‌టీ, 2019 జనవరిలో అగ్రవర్ణ పేదల 10 శాతం కోటా, 2021లో రాష్ట్రాలకు ఓబీసీ జాబితా అధికారం, 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్... వీటన్నిటికీ జాబితాలు ఉన్నాయి.

మామూలు బిల్లుల్లో గట్టి పోటీ ఉన్నవాటికీ తరచు డివిజన్ జరుగుతుంది. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభలో 311-80తో నెగ్గింది. వైసీపీ, టీడీపీ అనుకూలం, టీఆర్‌ఎస్ వ్యతిరేకం. వక్ఫ్ సవరణ బిల్లు 2025 ఏప్రిల్‌లో 288-232. ఇక్కడ టీడీపీ, జనసేన అనుకూలం, వైసీపీ వ్యతిరేకం.

ఆ జాబితా ఎక్కడ చూడాలి?

పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్‌లో. లోక్‌సభ పేజీలోకి వెళ్లి "డిబేట్స్" విభాగంలో ఆ రోజు పూర్తి కార్యకలాపాల ఫైలు తెరవండి. బిల్లు చర్చ చివర, "దిద్దుబాట్లకు లోబడి డివిజన్ ఫలితం ఇది" అనే అర్థం వచ్చే వాక్యం దగ్గర అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అని పేర్లు వరసగా ఉంటాయి. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక కూడా ఉంటుంది. స్లిప్పు ద్వారా ఓటేసినవాళ్ల పేర్లు, పొరపాటున ఒక బటన్ నొక్కి తర్వాత స్లిప్పుతో సరిదిద్దుకున్నవాళ్ల పేర్లు అందులోకి వెళ్తాయి. పై జాబితాలో మీ ఎంపీ కనబడలేదని వెంటనే వాట్సాప్‌లో పెట్టేయకండి. ముందు ఆ గమనిక చదవండి.

మనవాళ్లు రెండు చోట్ల తడబడుతుంటారు. మొదటిది తేదీ. వక్ఫ్ బిల్లు ఓటింగ్ అర్ధరాత్రి దాటాక జరిగింది కాబట్టి పేపర్లన్నీ ఏప్రిల్ 3 అని రాశాయి. సభ మొదలైంది మాత్రం ఏప్రిల్ 2న. రికార్డు ఏప్రిల్ 2 కింద ఉంటుంది. రెండోది పేరు. జాబితా అక్షరక్రమంలో ఉంటుంది గానీ మన పేర్లలో ఏది ఇంటిపేరో, ఏది అసలు పేరో అక్కడివాళ్లకు ఒక పట్టాన తెలియదు. రెడ్డి, నాయుడు, రావు వంటివి ముందుకొచ్చి ఇంటిపేరు వెనక్కి పోవచ్చు. పేరులోని ఒక్కో ముక్కా విడివిడిగా వెతకండి.

పేపర్లో వచ్చిన ఓట్ల సంఖ్యకు, రికార్డులో సంఖ్యకు తేడా ఉంది. మోసమా?

సాధారణంగా కాదు. ఒకే దేశం-ఒకే ఎన్నిక బిల్లు ప్రవేశపెట్టడానికి 2024 డిసెంబరు 17న డివిజన్ జరిగింది. కొత్త పార్లమెంటు భవనం లోక్‌సభలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ అదే మొదటిసారి. బోర్డు మీద మొదట 220-149 అని వచ్చింది. స్లిప్పులు కలిపాక 269-198 అయింది. మొదటి సంఖ్యను పట్టుకుని వార్త కొట్టినవాళ్లు తర్వాత మార్చుకోవాల్సి వచ్చింది. పనిలో పనిగా ఇంకోటి: అది ప్రవేశపెట్టడానికి జరిగిన ఓటు, దానికి మామూలు మెజారిటీ చాలు. బిల్లు పాసవ్వాలంటే పైన చెప్పిన మూడింట రెండొంతులు కావాల్సిందే. ఎంపీ ప్రవేశానికి ఓటేసి, చివర్లో వ్యతిరేకించవచ్చు కూడా. ఏ దశలో వేసిన ఓటో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

గైర్హాజరు, తటస్థం, వాకౌట్ మూడూ ఒకటేనా?

రికార్డులో వేరు. తటస్థం అంటే సభలో ఉండి పసుపు బటన్ నొక్కడం. పేరు నమోదవుతుంది. వాకౌట్ చేసినా, ఊళ్లో పెళ్లికి వెళ్లినా పేరు అసలు కనబడదు. ఏది ఎందుకో మనమే తేల్చుకోవాలి.

రాజకీయంగా చూస్తే ఈ దూరంగా ఉండటం పెద్ద ఆయుధం. ప్రత్యేక హోదా విషయంలో 2018 జులై 20న టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానం 126-325తో వీగిపోయింది. తీర్మానం ప్రవేశపెట్టింది కేశినేని శ్రీనివాస్, చర్చ ప్రారంభించింది గల్లా జయదేవ్. అటు మోదీ సర్కారును కాదనకుండా, ఇటు ఆంధ్రా పార్టీ తీర్మానానికి వంత పాడకుండా టీఆర్‌ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ పార్టీ ఆనాడు ఏమనుకుందో ఏ ఉపన్యాసం కన్నా ఆ ఖాళీయే బాగా చెబుతుంది. అసలు ఆ తీర్మానం అక్కడిదాకా రావడమే కష్టమైంది. అదే ఏడాది మార్చిలో వైసీపీ, టీడీపీ రోజూ నోటీసులిచ్చేవి. లెక్కకు 50 మంది లేచి నిలబడాలి, సభ సద్దుమణగలేదు కాబట్టి లెక్కించలేనని స్పీకర్ వాయిదా వేసేవారు. ఆ నోటీసులు మొదలవకముందే, సభలో గొడవ మధ్యే ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లు మార్చి 14న చర్చ లేకుండా పాసైపోయింది.

2023 ఆగస్టులో మణిపూర్ మీద పెట్టిన అవిశ్వాసం సంగతి ఇంకోలా ముగిసింది. ప్రతిపక్షం వాకౌట్ చేసింది, తీర్మానం మూజువాణి ఓటుతో వీగింది. అందువల్ల పేర్ల జాబితా లేదు.

విప్ ఉంటే ఎంపీ సొంతంగా ఓటేసేదేముంది?

చాలావరకు ఏమీ లేదు, అదే అసలు సంగతి. 1985లో 52వ సవరణతో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ ఆదేశానికి, అంటే విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటేయకుండా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే సభ్యత్వం పోవచ్చు. ప్రభుత్వం పడిపోయే ఓటుకే కాదు, ఏ బిల్లుకైనా పార్టీ విప్ ఇవ్వొచ్చు. విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు, ద్రవ్య బిల్లుల్లాంటివాటికే దీన్ని పరిమితం చేద్దామని కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు గానీ ముందుకు సాగలేదు. కాబట్టి "మా ఎంపీ ఫలానా బిల్లుకు ఓటేశాడు" అని మనం అనేదాంట్లో ముప్పాతిక భాగం "మా ఎంపీ పార్టీ ఓటేసింది" అనే. తప్పో ఒప్పో, ఆ లెక్క పార్టీతో తేల్చుకోవాలి.

అయినా విప్‌ను దాటినవాళ్లున్నారు. 2008 జులై 22న అణు ఒప్పందం మీద మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275-256తో విశ్వాసం నెగ్గింది. టీడీపీ ఆ ప్రభుత్వాన్ని పడగొట్టే వైపు ఉంటే, ఆ పార్టీ ఎంపీలు మందా జగన్నాథం (నాగర్‌కర్నూల్), డి.కె. ఆదికేశవులు నాయుడు (చిత్తూరు) మన్మోహన్ వైపు ఓటేశారు. జగన్నాథం మరుసటి ఏడాది కాంగ్రెస్ టికెట్టు మీద అక్కడే గెలిచారు. ఓటర్లు విప్ ఉల్లంఘనను అంత సీరియస్‌గా తీసుకోరనడానికి అదొక ఉదాహరణ.

ఫిరాయిస్తే సీటు పోతుందన్నారు. మనవాళ్లకు పోయినట్టు లేదే?

పోవాలంటే స్పీకర్ నిర్ణయించాలి. నిర్ణయానికి చట్టంలో గడువు రాయలేదు. 2014లో వైసీపీ తరఫున నంద్యాలలో గెలిచిన ఎస్పీవై రెడ్డి ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే టీడీపీ వైపు వెళ్లారు, ఎంపీగానే కొనసాగారు. రాజ్యసభలో మనవాళ్లు వేరే దారి పట్టారు. 2019 జూన్‌లో టీడీపీ ఆరుగురిలో నలుగురు, సుజనా చౌదరి, సీఎం రమేష్, టీజీ వెంకటేష్, గరికపాటి మోహనరావు, బీజేపీలో విలీనమయ్యారు. మూడింట రెండొంతుల మంది కాబట్టి అది చట్టం దృష్టిలో ఫిరాయింపు కాదు, విలీనం. ఒకడు పోతే తప్పు, గుంపుగా పోతే రైటు! తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో 2025 జులై 31న సుప్రీంకోర్టు 3 నెలల్లో తేల్చమని స్పీకర్‌కు గడువు పెట్టింది. ఎంపీలదీ అదే షెడ్యూలు కాబట్టి ఆ తీర్పు ఇక్కడా పనికొస్తుంది.

ఒక్క ఓటుతో తేడా పడిన సందర్భం నిజంగా ఉందా?

ఉంది, అందులో మనవాడి పాత్ర కూడా ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం ఎంపీ, టీడీపీకి చెందిన జీఎంసీ బాలయోగి. కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికే రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి. కానీ ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటేయొచ్చా అని సభలో పెద్ద రగడ జరిగింది. బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అదే రోజు నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసి, పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు.

బాలయోగి ఓటు సంగతి ఏమిటంటారా? ఆయన పార్టీ ప్రభుత్వం వైపే ఉంది. కానీ వందో అధికరణం ప్రకారం స్పీకర్ మొదట ఓటేయకూడదు, రెండు వైపులా సమానమైతేనే నిర్ణాయక ఓటు. ఒక్క ఓటు తేడాతో ఆ అవకాశం రాలేదు.

డబ్బు తీసుకుని ఓటేస్తే శిక్ష ఉంటుందా?

ఇప్పుడైతే విచారణ తప్పదు. 1993 జులై 28న పీవీ నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం 251-265తో వీగింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1998లో 3-2 మెజారిటీతో వచ్చిన తీర్పు విడ్డూరంగా ఉంటుంది. లంచం తీసుకుని ఓటేసినవాళ్లకు సభలో వేసిన ఓటు కాబట్టి రక్షణ ఉంది, లంచం తీసుకుని ఓటేయని అజిత్ సింగ్‌కు లేదు అన్నారు. అంటే తీసుకున్న డబ్బుకు నిజాయితీగా పనిచేసినవాడు బయటపడ్డాడు. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జిల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో దాన్ని కొట్టేసింది.

ఎంపీ మాటకూ ఓటుకూ పొంతన ఉందో లేదో ఎలా చూడాలి?

ఒక మనిషిని తీసుకుని ఒకే అంశం మీద పదేళ్లు వెనక్కి వెళ్లండి. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీని తీసుకుందాం. ఆయన రాజకీయం నచ్చుతుందా లేదా అన్నది పక్కన పెట్టండి, చిన్న పార్టీ కాబట్టి విప్ మాటున దాక్కునే వీలు ఆయనకు లేదు. 2019లో 10 శాతం కోటా బిల్లు లోక్‌సభలో 323-3తో నెగ్గితే, ఆ ముగ్గురిలో ఆయన ఒకరు. మహిళా రిజర్వేషన్ 454-2తో నెగ్గింది. ఆ ఇద్దరు ఆయన, ఆయన పార్టీకే చెందిన అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్. ఓబీసీ, ముస్లిం మహిళలకు ఉపకోటా లేదన్నది ఆయన చెప్పిన కారణం. రెండు ఓట్లూ ఆయన ప్రసంగాలతో సరిపోలతాయి. ఏకీభవించకపోయినా ఆయన ఎటున్నారన్న అనుమానం మాత్రం రాదు. పెద్ద పార్టీల ఎంపీల దగ్గర ఇలాంటి స్పష్టత దొరకడం కష్టం. నియోజకవర్గంలో ఒక మాట, విప్ వచ్చాక ఒక బటన్, బయట ప్రెస్ మీట్‌లో మూడో మాట.

ప్రసంగం కోసం యూట్యూబ్ క్లిప్ కాకుండా డిబేట్స్ ఫైలే చూడండి. తెలుగులో మాట్లాడితే ఇంగ్లిషు అనువాదం ఉంటుంది, కింద అది తెలుగు ప్రసంగానికి అనువాదమని రాస్తారు. రికార్డుల నుంచి తొలగించిన మాటలు క్లిప్‌లో ఉంటాయి, ఫైల్లో ఉండవు.

హాజరు, ప్రశ్నల సంఖ్య చూస్తే సరిపోదా?

పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్లో హాజరు శాతం, ప్రశ్నలు, చర్చలు చక్కగా ఉంటాయి. పనికొస్తాయి గానీ ఓటు సంగతి చెప్పవు. పైగా మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు. రామ్మోహన్ నాయుడు, పెమ్మసాని, కిషన్ రెడ్డి, బండి సంజయ్ పేర్ల ఎదురుగా ఖాళీ కనబడితే ఎగ్గొట్టారని కాదు. ప్రశ్నల సంఖ్యకూ అంత విలువ ఇవ్వక్కర్లేదు. లోక్‌సభలో రోజుకు నోటితో జవాబు చెప్పే స్టార్ ప్రశ్నలు 20, కాగితం మీద జవాబిచ్చేవి 230. లాటరీలో ఎవరి పేరొస్తే వాళ్లదే. ఎన్ని అడిగారు అని కాక, ఏం అడిగారు అని చూడండి.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో ఎవరికి వేశారు?

రహస్య బ్యాలెట్, విప్ వర్తించదు. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో సీపీ రాధాకృష్ణన్‌కు 452, తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డికి 300 వచ్చాయి. టీడీపీ, వైసీపీ రాధాకృష్ణన్‌కు మద్దతు ప్రకటించాయి, బీఆర్‌ఎస్ దూరంగా ఉంది. 15 ఓట్లు చెల్లలేదు. అవి ఎవరివో ఎప్పటికీ తెలియదు.

ఆర్టీఐ వేస్తే మూజువాణి ఓటు వివరాలు వస్తాయా?

రావు. లేని కాగితాన్ని ఎవరూ ఇవ్వలేరు.

అయితే నేరుగా ఎంపీనే అడగొచ్చా?

అడగండి. సంసద్ సైట్లో సభ్యుల పేజీలో ఈమెయిల్, ఢిల్లీ చిరునామా, ఊరి చిరునామా ఉంటాయి. "రైతుల విషయంలో మీ వైఖరి ఏమిటి సార్" అని రాస్తే పార్టీ కరపత్రం లాంటి జవాబొస్తుంది. బిల్లు పేరు, తేదీ వేసి మూడు ముక్కల్లో అడగండి: ఆ రోజు సభలో ఉన్నారా? అవునన్నారా, కాదన్నారా? మూజువాణితో కానిచ్చేస్తుంటే డివిజన్ అడిగారా? మూడోదానికి జవాబు "అడిగాను" అయితే డిబేట్స్ ఫైల్లో సరిచూసుకోవచ్చు, సభ సాఫీగా సాగుతున్నప్పుడు అడిగి ఉంటే ఆ మాట అందులో ఉంటుంది.